ఓడలు ముంచిన గాలి, మన పొలాలు తడిపిన వాన

తుమ్మలపల్లె బడి పూర్వ విద్యార్థుల స్వర్ణోత్సవ సంచికలో ఓడల గొడవేమిటని ఎవరైనా అడగవచ్చు. సముద్రం మనకు దాదాపు 200 కిలోమీటర్ల దూరం. మనలో చాలామంది సముద్రాన్ని మొదటిసారి చూసింది పదో తరగతి విహారయాత్రలోనో, పని మీద మద్రాసు పోయినప్పుడో. అయినా మన సేద్యానికీ ఆ సముద్రానికీ ఒక లెక్క ఉంది. వేంపల్లె దగ్గర పారే పాపాఘ్ని పెన్నలో కలుస్తుంది, పెన్న నెల్లూరు జిల్లాలో బంగాళాఖాతంలో కలుస్తుంది. అది నీళ్ళు పోయే దారి. నీళ్ళు వచ్చే దారి దానికి ఎదురు. నైరుతి మనకు చాలా ఏళ్ళు మొండిచెయ్యి చూపిస్తుంది. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతంలో వాయుగుండం పడితేనే నల్లరేగడిలో శనగకు పదును దొరుకుతుంది, చీనీ తోటల బోర్లలో నీళ్ళు నిలుస్తాయి. రేడియోలో వాయుగుండం అనే మాట వినబడితే మన రచ్చబండ మీద ముఖాలు విచ్చుకుంటాయి. అదే మాట విన్న పల్లెకారుల ఇళ్ళలో, వేటకు పోయినవాళ్ళు తిరిగొచ్చేదాకా పొయ్యి వెలగదు. ఆ తీరం కథ మన బడిలో చదువుకున్నవాళ్ళకు కూడా తెలియాలని ఈ వ్యాసం.

ఇచ్ఛాపురం నుంచి తడ దాకా, ఇంకా కింద మద్రాసు, పుదుచ్చేరి దాకా, ఈ తీరంలో ఓడ తలదాచుకునే సహజమైన రేవులు చాలా తక్కువ. ఓడలు ఒడ్డుకు దూరంగా, నడి నీళ్ళలో లంగరు వేసి నిలబడేవి. ఒడ్డుకూ ఓడకూ మధ్య విరుచుకుపడే అలలు. మేకులు కొట్టిన గట్టి పడవలు ఆ అలల దెబ్బకు పగిలిపోయేవి. అందుకే మనవాళ్ళు పలకలను కొబ్బరి నారతో కుట్టి మసూలా పడవలు చేసుకున్నారు. అల కొడితే ఆ పడవ వంగుతుంది కానీ విరగదు. దొరలు, దొరసానులు, సరుకుల మూటలు, గుర్రాలు, అన్నీ ఆ కుట్టు పడవల్లోనే దిగాలి. పడవ పక్కనే రెండు మూడు దుంగలు కట్టిన తెప్ప మీద మనుషులు తోడు వచ్చేవారు, ఎవరైనా నీళ్ళలో పడితే పట్టి లాగడానికి. ఈ తీరంలో సముద్ర రక్షణ దళం అంటూ మొదట ఏదైనా ఉందంటే అది ఆ తెప్పల వాళ్ళే. చరిత్ర పుస్తకాల్లో ఓడ కెప్టెన్ల పేర్లున్నాయి, వీళ్ళ పేర్లు లేవు.

మామూలు రోజుల్లోనే ఇంత కష్టమైతే తుపాను రోజుల్లో చెప్పేదేముంది? 1746లో ఫ్రెంచివాళ్ళు లా బూర్డొనే నాయకత్వంలో మద్రాసును పట్టుకున్నారు. గెలిచిన ఆనందం నెలరోజులు కూడా నిలవలేదు. అక్టోబరులో వచ్చిన తుపాను లంగరేసి ఉన్న వాళ్ళ ఓడలను ముంచింది, విరగ్గొట్టింది. వెయ్యి మందికి పైగా పోయారు. 1761 జనవరి 1న ఇదే గతి పుదుచ్చేరిని ముట్టడించిన ఇంగ్లీషువాళ్ళకు పట్టింది. గాలికి ఏ జెండా అయినా ఒకటే. అనుభవం మీద కుంపిణీ వాళ్ళు ఒక పద్ధతి పెట్టుకున్నారు. అక్టోబరు మధ్య నుంచి డిసెంబరు మధ్య దాకా మద్రాసు కోట మీది జెండా కొయ్యను దించేసేవారు. ఈ రెండు నెలలూ ఇక్కడ ఓడ నిలిపితే పూచీ మాది కాదని దాని అర్థం. క్యాలెండరు చూడండి: వాళ్ళు రేవు మూసుకున్న ఆ రెండు నెలలే మనం ఆకాశం వైపు చూసే రెండు నెలలు.

కొరంగి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. కాకినాడకు దక్షిణాన, గోదావరి పాయ ఒడ్డున ఉన్న ఈ ఊరు ఒకప్పుడు ఓడలు కట్టే చోటు, చెడినవి బాగుచేసే చోటు. ఇక్కడి నుంచి బర్మాకు పోయిన తెలుగువాళ్ళందరినీ అక్కడ కొరంగీలు అని పిలిచేవారంటే ఊరికి ఎంత పేరుండేదో ఊహించుకోవచ్చు. 1789 డిసెంబరులో తుపానుతో పాటు మూడు ఉప్పెన అలలు ఒకదాని వెనుక ఒకటి వచ్చి, రేవులోని ఓడలను ఎత్తి పొలాల్లో పడేశాయి. మళ్ళీ 1839 నవంబరులో ఇంకో ఉప్పెన. ఈ రెండోదానిలో 3 లక్షల మంది చనిపోయారని, 20 వేల ఓడలు నాశనమయ్యాయని పుస్తకం నుంచి పుస్తకానికి రాస్తూ పోతున్నారు. నాకు ఆ లెక్క నమ్మబుద్ధి కాదు. చేపల పడవలు, తెప్పలు కలిపి లెక్కేసినా ఆ పాయలో 20 వేలు పట్టవు. అంకె ఏదైనా రేవు మాత్రం మళ్ళీ కోలుకోలేదు. ఇప్పుడు అక్కడికి పోయేవాళ్ళు మడ అడవులు చూడటానికి పోతున్నారు.

కొరంగి నాశనాన్ని శ్రద్ధగా చదివినవాడు హెన్రీ పిడింగ్టన్. ఒకప్పటి ఓడ కెప్టెన్, తర్వాత కలకత్తాలో స్థిరపడ్డాడు. ప్రమాదాల నుంచి బయటపడ్డ ఓడల దినచర్య పుస్తకాలు తెప్పించుకుని, ఏ గంటకు గాలి ఏ దిక్కు నుంచి వీచిందో పక్కపక్కన పెట్టి చూశాడు. తుపానులో గాలి సూటిగా పోదు, పాము చుట్టలాగా తిరుగుతుంది. అందుకే గ్రీకు మాట నుంచి సైక్లోన్ అనే పేరు తయారుచేశాడు. ప్రపంచమంతా వాడే ఆ మాట పుట్టింది బంగాళాఖాతపు తుపానుల మీద జరిగిన ఈ పరిశీలన నుంచే. 1848లో నావికుల కోసం అచ్చువేసిన పుస్తకంతో పాటు, గాలి చుట్లు గీసిన పారదర్శకపు అట్టలు ఇచ్చాడు. వాటిని పటం మీద పెట్టి తుపాను నడిబొడ్డు ఎటుందో కెప్టెన్ చూసుకోవాలి. మన అర్ధగోళంలో సూత్రం సులభం: గాలికి ఎదురుగా నిలబడితే నడిబొడ్డు దాదాపు మన కుడిచేతి వైపు ఉంటుంది. సోషల్ టీచర్లు పిల్లలతో మన బడి మైదానంలోనే చేయించవచ్చు. నెల్లూరు తీరానికి ఎదురుగా వాయుగుండం ఉన్నరోజు మనకు గాలి ఉత్తరం వైపు నుంచి వస్తుంది. ఆ వైపు తిరిగి కుడిచెయ్యి చాపితే అది సముద్రాన్ని చూపిస్తుంది.

పిడింగ్టన్ మాటను పైవాళ్ళు పెద్దగా పట్టించుకోలేదు. 1864లో అక్టోబరు 5న కలకత్తాలో, నవంబరు 1 రాత్రి బందరులో, నెల తిరగకముందే రెండు ఉప్పెనలు వచ్చాయి. హుగ్లీ నదిలో ఓడలు కుప్పలుగా పడ్డాయి. బందరులో, చుట్టుపక్కల ఊళ్ళలో 30 వేల మంది పోయారు. ఆ తర్వాత 1866లోనూ 1871లోనూ వానలు తప్పాయి. ఈ దెబ్బలన్నీ తిన్నాక 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. మునిగిన ఓడలూ ఎండిన పొలాలూ కలిసి పుట్టించిన శాఖ అది. మరుసటి ఏడే కడప, కర్నూలు, బళ్ళారి సీమలను తుడిచిపెట్టిన 1876-78 కరువు వచ్చింది. శాఖ తొలి అధిపతి బ్లాన్‌ఫర్డ్ హిమాలయాల మంచుకూ వానకూ సంబంధం వెతికింది ఆ కరువు తర్వాతే. ఈరోజు సెల్‌ఫోన్‌లో మనం చూసుకునే వాన కబురుకు మూలం ఇక్కడుంది.

ఆ తర్వాత రేవులు కట్టారు. 1881 నవంబరు తుపాను, కడుతున్న మద్రాసు రేవు గోడలనే కూల్చింది. విశాఖలో మాత్రం జానస్, విల్లింగ్డన్ అనే రెండు పాత ఓడలను రాళ్ళతో నింపి కావాలనే ముంచి, అలలకు అడ్డుకట్టగా వాడారు. ఆ రేవులోకి 1933 అక్టోబరు 7న మొదట వచ్చిన ఓడ సింధియా కంపెనీ జలదుర్గ. యుద్ధాలు ముంచినవి వేరే లెక్క. 1942 ఏప్రిల్‌లో జపానువాళ్ళు బంగాళాఖాతంలో కొద్ది రోజుల్లోనే 20కి పైగా సరుకు ఓడలను ముంచారు. 1971 డిసెంబరు మొదటి వారంలో విశాఖ ముందర పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ మునిగింది. అందులోని వాళ్ళెవరూ బతకలేదు.

1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన గురించి పెద్ద తరగతుల పూర్వ విద్యార్థులకు నేను చెప్పనక్కరలేదు. నాకు ఎక్కువ బాధ కలిగించేది 1996 నవంబరు 6 కాకినాడ తుపాను. అప్పటికి ఉపగ్రహాలున్నాయి, రాడార్లున్నాయి, హెచ్చరికలు వచ్చాయి. కానీ నడి సముద్రంలో వేటలో ఉన్న పడవలకు కబురు అందే దారి లేదు. పోయిన వెయ్యి మందికి పైగా జనంలో కడలిలోనే కలిసిపోయిన మత్స్యకారులు చాలామంది. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి ఊళ్ళు ఒక్క రాత్రిలో మగదిక్కు పోగొట్టుకున్నాయి. తుపాను ఎక్కడుందో తెలుసుకోవడం ఒక ఎత్తు, ఆ సంగతి పడవలోని మనిషి చెవిన వేయడం ఇంకో ఎత్తు. మొదటిదానికి మనకు వంద ఏళ్ళకు పైగా పట్టింది, రెండోది ఇంకా పూర్తి కాలేదు.

కబురు అందినా తెలివి నిలవాలి. 2012 అక్టోబరు 31న నీలం తుపానుకు ప్రతిభా కావేరి అనే నూనె ఓడ చెన్నై ఒడ్డుకు కొట్టుకొచ్చి ఇసుకలో కూరుకుంది. అందులో 37 మంది. ఓడ మునగలేదు. కానీ భయపడి రక్షణ పడవలోకి దిగినవాళ్ళు అలలకు బోల్తాపడ్డారు, ఆరుగురు చనిపోయారు. ఓడలోనే ఉండిపోయినవాళ్ళను మర్నాడు కోస్టుగార్డు హెలికాప్టరు క్షేమంగా దింపింది. 2020 అక్టోబరులో విశాఖ తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డెక్కిన బంగ్లాదేశ్ ఓడలో 15 మందీ బయటపడ్డారు. దాని పేరు 'మా'. పేరు చూసి, ఇది మాదేనని విశాఖ జనం హాస్యమాడుకుని ఉంటే వింతేమీ లేదు.

మన వైపు ఓడలు లేవు కాబట్టి గండం లేదనుకోకండి. 1902 సెప్టెంబరు 12 రాత్రి మన జిల్లాలోనే మంగపట్నం దగ్గర వంకకు వరదొచ్చి వంతెన కొట్టుకుపోయింది. బొంబాయి మెయిలు అందులో పడి 70 మందికి పైగా పోయారు. 2021 నవంబరులో వాయుగుండం చెన్నై దగ్గర తీరం దాటింది. 19వ తేదీన చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట దిక్కు ఊళ్ళు కొట్టుకుపోయాయి. ఆ వానలకే కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కూలింది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుక తప్ప ఏమీ కనబడని చిత్రావతిలో, అనంతపురం జిల్లాలో, వరద మధ్య చిక్కుకున్న 10 మంది జేసీబీ మీదికెక్కి నిలబడ్డారు. వాళ్ళను వైమానిక దళం హెలికాప్టరు వచ్చి తాడుతో పైకి లాగి ఒడ్డున దింపింది.