వియన్నా ప్రసూతి వార్డులో ఒక లెక్క

ఆస్పత్రులలో పనిచేయు మన సంఘ సభ్యులు కొందరు ఈ మధ్య “క్వాలిటీ ఇంప్రూవ్‌మెంటు” శిక్షణకు వెళ్లి వస్తున్నారు. ఇది ఏదో క్రొత్త విద్య అని పలువురు అనుకొంటారు. కాని దాని ఓనమాలు 1847లోనే, ఆస్ట్రియా రాజధాని వియన్నాలోని ఒక ప్రసూతి వార్డులో కనిపిస్తాయి. ఆ చరిత్రను క్లుప్తముగా మీ ముందుంచ గోరుచున్నాము.

వియన్నా జనరల్ ఆస్పత్రిలో రెండు ప్రసూతి విభాగములు ఉండేవి. 1840 నుండి మొదటి దానిలో వైద్య విద్యార్థులు, రెండవ దానిలో మంత్రసానులు పని నేర్చుకొనేవారు. 1841 నుండి 1846 వరకు మొదటి విభాగములో నూటికి దాదాపు 10 మంది తల్లులు మరణించారు. రెండవ దానిలో నూటికి ముగ్గురు, నలుగురు. కారణము చాలావరకు బాలింత జ్వరమే. ఈ సంగతి ఊరివారందరికీ తెలుసు. మొదటి విభాగము వంతు వచ్చిన రోజున, అక్కడ చేర్చవద్దని స్త్రీలు మోకాళ్లూని బ్రతిమాలేవారు.

హంగేరీ దేశస్థుడైన డాక్టరు ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ 1846లో అక్కడ సహాయ వైద్యుడుగా చేరాడు. మరణముల లెక్క ఆస్పత్రి పుస్తకములలో ముందునుండి ఉన్నదే. ఈయన దానిని ప్రక్కప్రక్కన పెట్టి పోల్చి చూచాడు. మన సంఘముల భూస్థాపన రిజిస్టరులోను మరణకారణమునకు ఒక గడి ఉంటుంది. పాస్టర్లము శ్రద్ధగా నింపుతాము. ఏటి చివర వాటిని కూడి చూచువారు అరుదు.

గాలి చెడ్డదని కొందరన్నారు. ఆ గాలి రెండు విభాగములకు ఒక్కటే. జనము కిక్కిరిసినందువలన అన్నారు. రద్దీ రెండవ విభాగములోనే ఎక్కువ. అక్కడ ప్రక్కకు తిరిగి పడుకోబెట్టి కాన్పు చేస్తారని తెలిసి ఇక్కడ కూడ ఆలాగే చేయించాడు, ఫలితము లేదు.

మాబోటి వారికి ఆసక్తి కలిగించు సంగతి మరొకటి ఉన్నది. మరణాసన్నులకు చివరి సంస్కారము ఇచ్చుటకు వచ్చే కతోలిక గురువు మొదటి విభాగములో పలు వార్డుల గుండా నడిచి వెళ్లవలసి ఉండేది. ముందు ఒకడు గంట మ్రోగించేవాడు. ఆ గంటకు భయపడియే బాలింతలు జబ్బుపడుతున్నారేమో అన్న ఊహ పుట్టింది. సెమ్మెల్‌వైస్ అడుగగా గురువు గంట మానిపించి వేరే దారిన వచ్చారు. మరణాలు తగ్గలేదు. దీనిని నవ్వులాటగా చెప్పువారు ఉన్నారు గాని మా దృష్టిలో కథ అంతటిలో విలువైన ఘట్టము ఇదే. ఒకసారి ఒక మార్పు చేయుట, మరల లెక్క చూచుట, తప్పని తేలితే విడిచిపెట్టుట — నేటి శిక్షణలలోను మొదట నేర్పేది ఇదే. మనమైతే గంట మానిపించి, పని అయిపోయిందని కృతజ్ఞతా కూటము పెట్టియుందుము!

1847 మార్చిలో ఆయన మిత్రుడు ప్రొఫెసరు కొలెట్ష్కా శవపరీక్ష వేళ కత్తి గాయము తగిలి మరణించాడు. ఆయన దేహములో కనబడినవి బాలింతల దేహములలో కనబడిన గుర్తులే. విద్యార్థులు శవపరీక్ష గది నుండి నేరుగా కాన్పు గదికి వచ్చేవారు. మంత్రసానులకు ఆ పని లేదు. సబ్బుతో కడిగినా చేతులకు శవాల వాసన పోయేది కాదు. మే నెల నడుమ నుండి అందరూ క్లోరిన్ నీళ్లతో చేతులు కడగాలని ఏర్పాటు చేశాడు. తరువాత వాడినది మన బావులలో కలిపే బ్లీచింగు పౌడరు వంటిదే. ఏప్రిల్‌లో నూటికి 18 మంది చనిపోయిన చోట జూన్‌లో ఇద్దరు. 1848లో ఏడాది మొత్తము మీద నూటికి 1.27, మార్చి, ఆగస్టు నెలలలో ఒక్క మరణమూ లేదు.

పని అంతటితో ముగియలేదు. 1847 అక్టోబరులో గర్భకోశ క్యాన్సరు గల స్త్రీని మొదటి మంచములో ఉంచారు. ఆమెను పరీక్షించిన చేతులతోనే ప్రక్కవారిని చూచారు. 12 మందిలో 11 మంది మరణించారు. అప్పటినుండి ఒక్కొక్క రోగికి నడుమ చేతులు కడగాలన్నాడు.

తమ చేతులే మరణము తెచ్చుచున్నవన్న మాట పెద్ద వైద్యులు అనేకులకు మింగుడుపడలేదు. తప్పు వారిదే అందామా? సెమ్మెల్‌వైస్ 1861 వరకు గ్రంథము ప్రచురింపలేదు. పిమ్మట ఎదిరించినవారిని హంతకులని బహిరంగ లేఖలలో దూషించాడు. లెక్క నిలిచింది గాని మనుష్యులు దూరమయ్యారు.

1850లో వియన్నా విడిచి పెస్ట్ నగరము చేరి, అక్కడి సెయింట్ రోకస్ ఆస్పత్రిలోను ఇదే పద్ధతి నడిపాడు. 1865 ఆగస్టు 13న వియన్నాలోని మానసిక చికిత్సాలయములో, గాయము చీముపట్టి రక్తము విషమెక్కి, 47వ ఏట మరణించాడు. 1879లో పారిస్‌లో లూయీ పాశ్చర్ బాలింత జ్వరమునకు కారణమైన క్రిమిని బొమ్మ గీసి చూపునాటికి ఆయన గతించి 14 ఏండ్లయింది.