మస్కిటో రెక్క మీద మాధవాయిపాలెం

నరసాపురం నుంచి సఖినేటిపల్లి వెళ్ళే పంటు ఎక్కేది మాధవాయిపాలెం రేవులో. వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న ఈ ఊరి పేరు ఇంగ్లీషు నిఘంటువుల్లో ఒక బట్ట పేరుగా ఉంది: మడపొల్లం. మెత్తటి, తెల్లటి నూలు బట్ట. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్ళు మస్కిటో విమానం ఒంటికి అంటించింది దీన్నే.

1940 నవంబర్ 25న తొలిసారి ఎగిరిన మస్కిటో చెక్క విమానం. బాల్సా చెక్కకి రెండు వైపులా బర్చ్ ప్లైవుడ్ అతికించి దాని ఒళ్ళు తయారుచేశారు. చెక్కకి తేమ పడదు. అందుకని గుంటలు పూడ్చి, నున్నగా రుద్ది, పైన మడపొల్లం పరిచి 'డోప్' పూసేవాళ్ళు. డోప్ అంటే సెల్యులోజ్ నుంచి చేసిన ఒకరకం వార్నిష్. ఆరేకొద్దీ బట్టని బిగిస్తుంది, చీరకి పెట్టిన గంజిలాగా. కాకపోతే గంజి నీళ్ళకి పోతుంది, డోప్ పోదు. ముందు ఎర్ర డోప్. ఆ తర్వాత, ఎండకి దారం చివికిపోకుండా, అల్యూమినియం పొడి కలిపిన వెండి రంగు డోప్. యుద్ధానికి వేసే రంగులు ఆఖర్న. మనకి ఫొటోల్లో కనిపించేవి ఆ రంగులే. విమానాన్ని కాపాడే పొరలు వాటి కింద ఉంటాయి.

మరి ఆ బట్ట మన మగ్గాల మీద నేసిందేనా? కాదు. పదిహేడో శతాబ్దంలోనే ఈస్టిండియా కంపెనీ ఇక్కడ బట్టల కొనుగోలు కోసం స్థావరం పెట్టింది. ఇక్కడ నడిచిన కంపెనీ ఏజెన్సీ డెల్టాలోని మూడింటిలో పెద్దది. మిగతా రెండూ ఇంజరం, బండమూర్లంక. 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు చూస్తే, అప్పటికే మడపొల్లం ఇంగ్లండ్ నుంచి ఇండియాకి ఎగుమతయ్యే సరుకు! మా ప్రోగ్రామర్ల భాషలో చెప్పాలంటే, వేరియబుల్ పేరు అలాగే ఉంది, లోపల విలువ మారిపోయింది.

ఆ పేరు 1943లో మస్కిటోల మీద మళ్ళీ ఇండియా వచ్చింది. 1944 చివర్లో ఇక్కడ కొన్ని మస్కిటోలు గాల్లోనే విరిగిపోయాయి. ముందు మన ఎండనీ తేమనీ అనుమానించారు. తర్వాతి విచారణలో ఫ్యాక్టరీలో అతుకులు సరిగ్గా కుదరలేదని కూడా తేలింది. పైపూత ఎంత నున్నగా ఉన్నా కింది అతుకు తప్పుని దాచగలదేమో గానీ దిద్దలేదు.

ఇప్పుడు ఇంట్లో విమానం కట్టుకునేవాళ్ళు ఎక్కువగా పాలిస్టర్ బట్టే వాడుతున్నారు. దాన్ని ఇస్త్రీపెట్టె వేడితో బిగిస్తారు. మడపొల్లం పేరుతో నూలు బట్ట మాత్రం ఇంకా అమ్ముడవుతూనే ఉంది. ఊరి పేరు బతికింది, నేసినవాళ్ళ పేర్లు మాత్రం మిగల్లేదు. ఇది పాత కథే అని వదిలేద్దామా? నరసాపురంలో లేసు అల్లే ఆడవాళ్ళ మీద మరియా మీస్ 1982లో ఒక పుస్తకం తెచ్చింది. వాళ్ళు అల్లేది ప్రపంచ మార్కెట్ కోసం, కానీ లెక్కల్లో వాళ్ళు గృహిణులు మాత్రమే అంటుందావిడ. బట్ట పోయి లేసు వచ్చింది. చేసేవాళ్ళు మాత్రం కింది పొరలోనే ఉండిపోయారు.