ఇంటి జపమాల, గుడి బలిపీఠం: అమీర్‌పేట నేర్పిన పాఠం



2020 మార్చి 25. దేశమంతటా లాక్‌డౌన్ మొదలైన రోజు. హాస్టళ్లు మూతపడుతున్నాయని తెలిసి, అమీర్‌పేట, పంజాగుట్టల్లో కోచింగుకు ఉంటున్న పల్లెల పిల్లలు సొంతూరు వెళ్లే పాసు కోసం పోలీసు స్టేషన్ల ముందు బారులు తీరారు. పాసు దొరికినా కొందరు రాష్ట్ర సరిహద్దులో ఆగిపోయారు. ఆ రోజే తిరుసభకు మంగళవార్త మహోత్సవం. నజరేతులోని ఒక సామాన్య ఇంట దేవుని వాక్కు మానవుడైన రోజు.

ఆ తర్వాత గుళ్ల తలుపులు మూతబడ్డాయి. మార్చి 27న ఫ్రాన్సిస్ జగద్గురువులు వాన కురుస్తున్న ఖాళీ మైదానంలో దివ్యసత్ప్రసాదంతో లోకాన్ని ఆశీర్వదించారు. ఏప్రిల్ 12న ఈస్టరు కూడా ఇళ్లలోనే జరిగింది. ఇంటి ప్రార్థన అలవాటున్న కుటుంబాలకు ఆ రోజుల్లో ఒక ఆసరా దొరికింది. ఆ అలవాటు లేనివారు జపమాల ఎక్కడ పెట్టామా అని వెతుక్కున్నారు. మేమూ అది చూశాం.

మన పూర్వీకులకు ఇటువంటి కాలం కొత్త కాదు. 18వ శతాబ్దం తొలినాళ్లలో జెస్విట్ గురువులు కర్ణాటక మిషను ద్వారా తెలుగు నేలపై సువార్త ప్రకటించారు. 1773లో 14వ క్లెమెంటు జగద్గురువులు జెస్విట్ సభను రద్దు చేయడంతో గురువుల కొరత ఏర్పడింది. గురువు రాని చోట విశ్వాసం నిలిచేది ఇంట్లోనే. పరలోకజపం, మంగళవార్త జపం పిల్లలకు నోటికి వచ్చేది పెద్దల పక్కన కూర్చుని విన్నప్పుడే. 1851లో హైదరాబాదు వికారియతు ఏర్పడింది, 1855లో మిలాను మిషనరీలు వచ్చారు. 1886లో అది మేత్రాసనమైంది, 1953లో అగ్రపీఠమైంది. ఈ గొప్ప వృక్షానికి వేరు కుటుంబ ప్రార్థనే.

అయితే ఇంటి ప్రార్థన ఉంటే బలిపూజ అక్కరలేదా? అలా కాదు. ఒకప్పుడు విశ్వాసులు దివ్యసత్ప్రసాదం అరుదుగా స్వీకరించేవారు. 1905లో పునీత పదవ పయస్ జగద్గురువులు తరచుగా స్వీకరించమని ప్రోత్సహించారు. 1910లో సుమారు ఏడేళ్ల పిల్లలకూ ఆ భాగ్యం కలిగించారు. అప్పట్లో అర్ధరాత్రి నుంచి ఉపవాసం ఉండాలి. 1957లో దానిని మూడు గంటలకు, 1964లో ఒక గంటకు తగ్గించారు. సాయంకాల పూజలకూ దారి ఏర్పడింది. నేడు క్లాసు ముగించుకుని, మెట్రో దిగి సాయంత్రం పూజకు వెళ్లగలుగుతున్న యువకుడి కోసం తిరుసభ ఎంత ఆలోచించిందో చూడండి!

2002లో పునీత రెండవ జాన్ పాల్ జగద్గురువులు జపమాలకు వెలుగు రహస్యాలు చేర్చారు. వాటిలో ఐదవది దివ్యసత్ప్రసాద స్థాపన. గురువారం ఇంట్లో జపమాల చెబుతూనే మన మనసు బలిపీఠం దగ్గరకు చేరుతుంది.

ఎమ్మావు దారిలో ఇద్దరు శిష్యులు నిరాశతో నడిచారు (లూకా 24). ప్రభువు వారితో నడిచాడు, వారింట భోజనానికి కూర్చున్నాడు, రొట్టె విరిచినప్పుడు వారి కళ్లు తెరుచుకున్నాయి. నాడు అమీర్‌పేట నుంచి ఇంటిదారి పట్టిన మన పిల్లలతోనూ ఆయన నడిచాడని మా నమ్మకం.

తల్లిదండ్రులారా, రాత్రి పిల్లలకు ఫోను చేసి, తిన్నావా, చదివావా అని అడుగుతున్నాం. మంచిదే. ఆదివారం పూజకు వెళ్లావా అని కూడా అడుగుదాం. ఫోను పెట్టేసే ముందు ఒక్క మంగళవార్త జపం కలిసి చెబుదాం. ఇంట్లో మనం చెప్పని ప్రార్థనను నగరంలో వారు చెబుతారని ఎదురుచూడలేం కదా!

ప్రభువా, మా ఇళ్లలో ప్రార్థనా దీపం ఆరిపోనీయకు. దూరాన ఉన్న మా బిడ్డలకు నీ శరీరమే ఆహారమై, నీ తల్లి ఒడే నీడై ఉండును గాక. ఆమెన్.