గడప మీది పసుపు

కొత్త ఇల్లు కట్టినా, పెళ్ళికి పాత ఇల్లు ముస్తాబు చేసినా, రంగుల దగ్గరకొచ్చేసరికి వాస్తు పుస్తకం బయటికొస్తుంది. ఈశాన్యం గదికి ఏ రంగు, ఆగ్నేయానికి ఏది, ఏ రాశివారికి ఏది కలిసొస్తుంది, అన్నీ అందులో ఉంటాయి. నేను తిరగేసిన వాస్తు పుస్తకాల్లో ఒక్క ప్రశ్న మాత్రం కనిపించలేదు: డబ్బాలో ఏముంది? రంగుల చరిత్రలో పసిపిల్లల ప్రాణాలతో ముడిపడ్డ ప్రశ్న అదే.

ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ సంగతి చూడండి. 1890ల్లో అక్కడి డాక్టర్లు చిన్నపిల్లల్లో సీసం విషాన్ని గుర్తించారు. అది ఎక్కడినుంచి వస్తోందో వెంటనే అంతుపట్టలేదు. 1904లో లాక్‌హార్ట్ గిబ్సన్ అనే డాక్టరు ఇళ్ళ వరండాలకీ, కటకటాలకీ వేసిన రంగే కారణమన్నాడు. ఎండకి ఆ రంగు పొడిపొడి అయ్యేది. పట్టుకున్న పిల్లల చేతులకి అంటుకునేది. ఆ వేళ్ళు నోట్లోకి వెళ్ళేవి. ఇందులో దిక్కుల లెక్క ఎక్కడా లేదు, ఉన్నదల్లా పరిశీలన. 1922లో క్వీన్స్‌లాండ్ ఇలాంటి రంగుల వాడకాన్ని చట్టంతో కట్టడి చేసింది.

మరి సీసం ఎందుకు కలిపేవారు? తెల్లసీసం గోడను బాగా కప్పుతుంది. లెడ్ క్రోమేట్ మెరిసే పసుపునిస్తుంది. కొన్ని సీసం లవణాలు నూనె రంగుని త్వరగా ఆరబెడతాయి. 1921లోనే అంతర్జాతీయ కార్మిక సంస్థ, రంగులు వేసే కార్మికుల్ని కాపాడటానికి, ఇళ్ళలోపల తెల్లసీసం వాడకాన్ని నిషేధించే ఒప్పందం చేసింది. అమెరికా ఇళ్ళ రంగుల్లో సీసాన్ని నిషేధించింది 1978లో. మన దేశంలో 2016లో నియమాలు వచ్చి, 2017 నవంబరు 1 నుంచి అమలయ్యాయి. పదిలక్షల పాళ్ళలో 90 పాళ్ళకు మించి సీసం ఉండకూడదు. అంటే బ్రిస్బేన్ డాక్టరు చెప్పిన 113 ఏళ్ళకి!

ఇప్పుడు మన గడప దగ్గరకి రండి. ఒకప్పుడు గడపకి పసుపు రాసి బొట్లు పెట్టేవారు. వారం వారం రాయలేక చాలా ఇళ్ళలో పసుపు ఎనామెల్ పెయింటు వేయించేశారు. పసుపు ఎనామెళ్ళలో విరివిగా వాడిన పదార్థం ఆ లెడ్ క్రోమేటే. పాకే బిడ్డ తొలిసారి గడప దాటితే మనం పండగ చేసుకుంటాం. ఆ బిడ్డ చేతులు ఆనేది ఆ గడప మీదే! సీసం ఎదిగే మెదడుని దెబ్బతీస్తుంది. పిల్లలకి ఇంతవరకూ ప్రమాదం లేదని చెప్పగల మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

నియమాలు కొత్త డబ్బాకే వర్తిస్తాయి. 2017కి ముందు వేసిన పూత తలుపుల మీద, కిటికీ ఊచల మీద అలాగే ఉంది. దాన్ని పొడిగా ఎమెరీ కాగితంతో గీకితే సీసం ధూళిగా ఇల్లంతా పరుచుకుంటుంది. తడిపి రుద్దించండి. పిల్లల్నీ గర్భిణుల్నీ ఆ పని అయ్యేదాకా వేరే చోట ఉంచండి. తర్వాత తడిగుడ్డతో తుడిపించండి. పనివాడికి మంచి మాస్కు ఇవ్వండి, అతనికీ ఊపిరితిత్తులున్నాయి.

"వాస్తు ప్రకారం వేస్తే పోయేదేముంది?" అని మిత్రులు అడుగుతుంటారు. రంగు మీ ఇష్టం. ఈశాన్యానికి పసుపే వేసుకోండి. కానీ దిక్కు చూసుకున్నాక ఇక చూడాల్సింది లేదని అనుకుంటారు చూడండి, పోయేది అక్కడే. కొనేముందు డబ్బా మీద సీసం గురించి ఏం రాశారో చదవండి. దానికి సిద్ధాంతి అక్కర్లేదు, కళ్ళజోడు చాలు.