తండా బిడ్డ ఎదుగుదల: సంస్కృతి పాలెంత, సామాజిక స్థితి పాలెంత?

(పెన్‌పహాడ్ పరిసరాల లంబాడా సమాజంపై ఒక పరిశీలన)

సారాంశం

సూర్యాపేట జిల్లా పెన్‌పహాడ్ మండలంలోనూ, చుట్టుపక్కల మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాల్లోనూ లంబాడా తండాలున్నాయి. తండా పిల్లలు చదువులో వెనకబడితే ఆ నెపాన్ని వాళ్ల ఆచారాల మీదికి నెట్టడం పరిపాటి. పెంపకం, భాష, భూమి, చట్టం ఇచ్చిన గుర్తింపు అనే నాలుగింటినీ విడివిడిగా పరిశీలిస్తే ఆ వాదన నిలవదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

సైద్ధాంతిక నేపథ్యం

ఇల్లు, బడి, పాలన పొరలుపొరలుగా బిడ్డ ఎదుగుదలను మలుస్తాయని యూరీ బ్రాన్‌ఫెన్‌బ్రెనర్ 1979లో వివరించాడు. బిడ్డ మసలే చోటు, పెంపకపు అలవాట్లు, పెంచేవాళ్ల నమ్మకాలు అనే మూడింటినీ కలిపి చూడాలని 1986లో చార్లెస్ సూపర్, సారా హార్క్‌నెస్ సూచించారు. ఈ రెండో చట్రం తండాకు బాగా సరిపోతుంది.

పెంపకం

వరినాట్ల కాలంలో కూలికి వెళ్లే తల్లులు పొద్దు పొడవకముందే ఇల్లు వదులుతారు. చంటిబిడ్డ నానమ్మ చేతుల్లోనో, అక్క చంకలోనో పెరుగుతుంది. పెద్దల పని చూస్తూ, అందులో చేయి వేస్తూ నేర్చుకునే ఈ తీరును బార్బరా రోగోఫ్ 2003లో వెలువడిన తన గ్రంథంలో విస్తృతంగా చర్చించింది. ఇందులో బాధ్యత, ఓర్పు అలవడతాయి. అయితే తమ్ముణ్ణి ఎత్తుకున్న అక్కకు ఆ రోజు బడి ఉండదు. దీన్ని ఆచారం ఖాతాలో వేయడం తేలిక. నాట్ల వేళలకు తగ్గట్టు అంగన్‌వాడీ తెరిచి ఉంటే ఆ పిల్ల బడికి పోగలదా లేదా అన్నదే అసలు ప్రశ్న.

తీజ్ పండుగలో ఈ నేర్చుకునే తీరు స్పష్టంగా కనిపిస్తుంది. పెళ్లికాని ఆడపిల్లలు వెదురుబుట్టల్లో మట్టి నింపి, నానబెట్టిన గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు పాటలు పాడుతూ నీళ్లు పోస్తారు. చివరి రోజు మొలకలను నీటిలో నిమజ్జనం చేస్తారు. వేళ తప్పకుండా పని చేయడం, వంతులు పంచుకోవడం, పాటలు కంఠస్థం చేయడం అన్నీ అందులోనే ఉన్నాయి. బడి కోరే నైపుణ్యాలూ ఇవే. కానీ వాటిని కొలిచే పరీక్ష మరో భాషలో జరుగుతుంది.

భాష

ఇంట్లో మాట్లాడే గోర్‌బోలి ఇండో-ఆర్య భాష. బడిలో వినిపించే తెలుగు ద్రావిడ భాష. బొమ్మ చూపి పేరు అడిగితే మూడేళ్ల బిడ్డ నోరు మెదపకపోవచ్చు. పేరు తెలుసు, తెలుగులో తెలియదు. ఆ మౌనాన్ని మందబుద్ధిగా లెక్కకట్టే ప్రమాదం ఉంది. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించాలని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణ చెబుతోంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమం ఎంచుకున్న ఎనిమిది గిరిజన భాషల్లో బంజారా, అంటే ఈ గోర్‌బోలి, ఒకటి. 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది. దీంతో ఒకటో తరగతి తండా బిడ్డ ముందు ఒకేసారి మూడు భాషలు నిలిచాయి.

చరిత్ర, చట్టం, భూమి

ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసుకుంటూ దక్కన్ సైన్యాలకు సరఫరా చేసిన సమాజమిది. రైళ్లు, రోడ్లు వచ్చాక ఆ వ్యాపారం దెబ్బతింది. నిజాం పాలనలో లంబాడాలు ఎలా అణగారిపోయారో భంగ్యా భూక్యా తన పరిశోధనలో వివరించారు. తెలంగాణ ప్రాంత లంబాడాలకు షెడ్యూల్డ్ తెగల హోదా 1976 సవరణ చట్టంతో వచ్చి, 1977లో అమలైంది. ఆంధ్ర ప్రాంతంలో సుగాలీలనే పేరున్న ఇదే సమాజానికి అది అంతకుముందే ఉంది. ఇదే సమాజం కర్ణాటకలో షెడ్యూల్డ్ కులం, మహారాష్ట్రలో విముక్త జాతి. అంటే భాష, పండుగ ఒకటే అయినా హాస్టల్ సీటు, స్కాలర్‌షిప్, ఉద్యోగంలో వాటా సరిహద్దు దాటితే మారిపోతాయి.

2011 జనాభా లెక్కల్లో తెలంగాణ అక్షరాస్యత సుమారు 66.5 శాతం కాగా, షెడ్యూల్డ్ తెగల్లో అది 49.5 శాతమే. ఈ అంతరంలో ఆలస్యంగా దక్కిన హోదా వాటా ఎంతో, ఆచారం వాటా ఎంతో ఆ ఒక్క అంకె చెప్పదు. తండా లోపలా తేడాలుంటాయి. 1967లో నాగార్జునసాగర్ నీళ్లు పారడం మొదలయ్యాక ఎడమ కాలువ కింద తరి భూమి దక్కిన ఇంటికీ, కూలి మీదే బతికే ఇంటికీ పిల్లల చదువు మీద పెట్టగల ఖర్చు ఒకటి కాదు. రెండిళ్లదీ ఒకే భాష, ఒకే దేవత.

ముగింపు

సంస్కృతి బిడ్డకు నేర్చుకునే పద్ధతినిస్తుంది. జాతి గుర్తింపు భాషను, బంధాలను ఇస్తుంది. ఆ నేర్పు బడిలో చెల్లుతుందా లేదా అన్నది భూమి, చట్టం, పాలన తేలుస్తాయి. కనుక తండా అంగన్‌వాడీలో గోర్‌బోలి తెలిసిన టీచర్, వ్యవసాయ కాలానికి సరిపడే పనివేళలు తక్షణ అవసరాలు. పరిశోధకులు సైతం ‘లంబాడా’ అన్న ఒక్క గడిలో టిక్కు పెట్టి ఊరుకోకుండా ఇంటి భాష, సాగుభూమి, బడి దూరం, తల్లి పనిగంటలు వేర్వేరుగా నమోదు చేయాలి. అలా చేయని అధ్యయనం పేదరికాన్ని కొలిచి దానికి సంస్కృతి అని పేరు పెడుతుంది.