మోడ్‌ఫ్లో అర్రే ఫైళ్లు

అమెరికా ప్రభుత్వ సంస్థ యుఎస్‌జీఎస్ తయారుచేసిన భూగర్భజల ప్రవాహ ప్రోగ్రామ్ మోడ్‌ఫ్లోకు గడుల వారీగా విలువలు అందించే ఫైళ్లు ఇవి. పొర పైమట్టం, అడుగుమట్టం, జలవాహకత, ప్రారంభ నీటిమట్టం, వాననీరు ఇంకే రేటు వంటివి అర్రేలుగా, అంటే అడ్డు, నిలువు వరుసల సంఖ్యల పట్టికలుగా, ప్రోగ్రామ్‌లోకి వెళతాయి.

మోడ్‌ఫ్లో ఏ ఏటిదన్న విషయంలో రచనలన్నీ ఒకే మాట చెప్పవు. ఎక్కువగా ఉదహరించేది మెక్‌డొనాల్డ్, హార్బాల 1988 నాటి మాన్యువల్‌ను. వారిద్దరి తొలి నివేదిక మాత్రం 1984లోనే వెలువడింది. ఆ నివేదిక సంఖ్య 83తో మొదలవుతుంది కాబట్టి 1983 అని పొరబడే వీలూ ఉంది. 1984ను తీసుకోవడమే సబబుగా కనిపిస్తుంది.

1988 పద్ధతిలో ప్రతి అర్రేకూ ముందు ఒక నియంత్రణ పంక్తి ఉంటుంది. అందులో యూనిట్ సంఖ్య, గుణకం, ఫోర్ట్రాన్ ఫార్మాట్, ముద్రణ సంకేతం వరుసగా వస్తాయి. యూనిట్ సంఖ్య సున్నా అయితే గడులన్నింటికీ గుణకం విలువే వర్తిస్తుంది. ధన సంఖ్య అయితే టెక్స్ట్ ఫైలు, రుణ సంఖ్య అయితే బైనరీ ఫైలు చదువుతుంది. ఫార్మాట్ దగ్గర అప్రమత్తత అవసరం. 10ఎఫ్8.2 అని పెట్టి, సంఖ్యకు కేటాయించిన చోటు కుడి అంచుకు చేర్చి 1250 అని చుక్క లేకుండా రాస్తే, ప్రోగ్రామ్ దాన్ని 12.50గా తీసుకుంటుంది. మోడ్‌ఫ్లో-96లో స్వేచ్ఛా ఫార్మాట్‌తో పాటు కాన్‌స్టంట్, ఇంటర్నల్, ఎక్స్‌టర్నల్, ఓపెన్/క్లోజ్ అనే పదాలు వచ్చాయి. 2017 నాటి మోడ్‌ఫ్లో 6 వీటిలో ఎక్స్‌టర్నల్‌ను వదిలేసింది.

అసలు చిక్కు వరుసక్రమంలో ఉంది. గ్రిడ్‌ను తిప్పకుండా ఉత్తర-దక్షిణంగా అమర్చినప్పుడు మొదటి అడ్డు వరుస ఉత్తరపు అంచుది, మొదటి నిలువు వరుస పడమటి అంచుది. ఎస్రీ సంస్థ టెక్స్ట్ గ్రిడ్ కూడా ఉత్తరం నుంచే మొదలవుతుంది. సర్ఫర్ ప్రోగ్రామ్ టెక్స్ట్ గ్రిడ్ మాత్రం దక్షిణం నుంచి మొదలవుతుంది. దాన్ని తిరగేయకుండా అందిస్తే కొండ ఉన్నచోట లోయ వచ్చి కూర్చుంటుంది. సంఖ్యల లెక్క సరిపోతే చాలు, చదివే భాగం అభ్యంతరం చెప్పదు; ఫైలులో దిక్కుల ప్రస్తావనే ఉండదు. తప్పుడు నమూనా కూడా చివరిదాకా నడిచి, నమ్మదగినట్టు కనిపించే నీటిమట్టాలు ఇవ్వగలదు.

నేడు ఈ రాత పనిని ఎక్కువగా పైథాన్ ప్యాకేజీ ఫ్లోపైతో చేస్తున్నారు. బాకర్, సహరచయితలు దీన్ని 2016లో గ్రౌండ్‌వాటర్ పత్రికలో వివరించారు. పైథాన్ లైబ్రరీ నంపై అర్రేలో పొర, అడ్డు వరుస, నిలువు వరుస అనే క్రమాన్ని అది పాటిస్తుంది. పైథాన్ లెక్క సున్నా నుంచి, మోడ్‌ఫ్లో లెక్క ఒకటి నుంచి మొదలవుతాయి.

బైనరీ ఫైళ్లు చిన్నవి, త్వరగా చదవబడతాయి. అయితే పాత ఫోర్ట్రాన్ కంపైలర్లు రికార్డు హద్దులకు అదనపు గుర్తులు చేర్చేవి, వాటి తీరు అన్నింటా ఒకటి కాదు. కచ్చితత్వం సింగిలా, డబులా అన్నదీ ముందే తెలియాలి. మోడ్‌ఫ్లో 6 నీటిమట్టాలను డబుల్‌లో రాస్తుంది. గడులు మరీ లక్షల్లో ఉంటే తప్ప, మామూలు ఎడిటర్‌లో తెరిచి చూడగల టెక్స్ట్ ఫైళ్లే మేలు. ఏ పద్ధతి ఎంచుకున్నా, మోడ్‌ఫ్లో చదువుకున్న అర్రేను లిస్టింగ్ ఫైలులో ముద్రింపజేసి, నాలుగు మూలల విలువలను మ్యాప్‌తో పోల్చి చూసుకోవాలి.