భయం పట్టిన యాది – 1978 నుంచి మన పెద్దలు చెప్పేది ఎట్ల వినాలె?



1978 సెప్టెంబర్ 7న జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. అక్టోబర్‌లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను సర్కారు కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన మన గోండుల మీద కాల్పులు జరిగినయి. సర్కారు లెక్కల చనిపోయింది 13 మంది, పౌరహక్కుల సంఘాలు అరవై దాకా అన్నయి. అక్కడి స్తూపాన్ని 1986లో కూల్చేశారు, తర్వాత మళ్లీ కట్టారు.

ఇవి కాగితాల మీదున్నయి. మనిషి యాది వేరే తీరు. ప్రాణభయం పుట్టినప్పుడు మెదడు ఒక చప్పుడునో, ఒక ముఖాన్నో గట్టిగ పట్టుకుంటది. ముందు వెనుకలు, తారీఖులు, అంకెలు జారిపోతయి. తర్వాత పదిమంది నోట విన్నది కూడా అందులో కలుస్తది.

అందుకే ఏడాది తప్పు చెప్పిన అవ్వ అబద్ధమాడినట్టు కాదు. అట్లని ఆమె చెప్పిన ప్రతి అంకె రుజువూ కాదు. తారీఖును కాగితంల చూసుకుందాం. ఆ రాత్రి ఇంట్ల ఎవరు లేరు, పిల్లల్ని ఎక్కడ దాచిర్రు అనేది మాత్రం ఏ ఫైలులోనూ దొరకదు.

అప్పుడు ఇరవై ఏండ్లున్నోళ్లు ఇప్పుడు డెబ్బైకి దగ్గరపడ్డరు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు తండాలకు, గూడేలకు సెలవులకు పోయేటోళ్లం ఈసారి అడిగి రికార్డు చేద్దాం. మొదలే తారీఖు అడగొద్దు, మధ్యల సరిదిద్దొద్దు. చెప్పబుద్ధి కాకపోతే బలవంతపెట్టొద్దు. ఆ గాయం వాళ్లది.

జోహార్.